తాతల పెట్టెలో పతకం ఉంటే

  చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచారు. చదువుకోండి అని మీకు చెప్పేవాళ్ళకు కొదవ లేదు. అందుకని ఈరోజు మేము పాత మిలిటరీ పతకం గురించి చెబుతాం. దాన్ని చదవడం కూడా చదువే.

సంతకు పాత సామాన్లు కొనేవాళ్ళు వస్తున్నారు, మీరు చూస్తూనే ఉన్నారు. పాత నాణేలు, కంచు గిన్నెలు, కాళ్ళ కడియాలు, ఏదైనా కొంటారు. రైస్ పుల్లర్ అని చెప్పి రాగి చెంబులకు కోట్ల రూపాయలు ఆశపెట్టి మోసం చేసిన కథలు మన ఏజెన్సీలో తెలియనివాళ్ళు లేరు. పతకానికి మోసం ఎదురు దిక్కున జరుగుతుంది. "ఇదేముంది అమ్మా, పాత బిళ్ళ" అని తూకానికి తీసుకుపోతారు.

మా హాస్టల్లో టెన్త్ చదివే అమ్మాయి ఒకతె దసరా సెలవుల తర్వాత ఒక బిళ్ళ తెచ్చింది. ముత్తాత మిలిటరీలో చేశాడట. సంతలో ఒకాయన వెండి అన్నాడట, వాళ్ళ నాన్న అమ్మేద్దామనుకున్నాడట. మేము టీచర్ ట్రైనింగ్ అయినవాళ్ళం. ముందు చూడాలి, తర్వాత కొలవాలి, ఆ తర్వాతే పేరు పెట్టాలి. పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని అలాగే చేశాం.

ఒక పక్క కిరీటం పెట్టుకున్న రాజు తల. రెండో జార్జి, మూడో జార్జి అని పిల్లలు పందెం కాశారు. చుట్టూ ఉన్న అక్షరాల్లో జార్జి తర్వాత 'వి.ఐ.' అని ఉంది, అంటే రోమన్ అంకెల్లో 6. ఆరో జార్జి అంటే రెండో ప్రపంచ యుద్ధ కాలం. రెండో పక్క తిప్పితే మన దేశం పటం, 'ఇండియా' అనే మాట, 1939-45 అనే సంవత్సరాలు. స్కేలు పెడితే 36 మిల్లీమీటర్లు. అయస్కాంతానికి అంటుకోలేదు. అంటే ఇనుము కాదు. అంతమాత్రాన వెండి అనుకోకూడదు, రాగి నికెల్ కలిపిన లోహం కూడా అంటుకోదు. ఇది ఆ లోహమే. దీని పేరు ఇండియా సర్వీస్ మెడల్. యుద్ధకాలంలో ఇక్కడే, దేశంలోనే మూడేళ్ళు పనిచేసినవాళ్ళకు ఇచ్చారు. అదే కాలంలో ఇచ్చిన వార్ మెడల్ అయితే వెనక రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం ఉంటుంది.

ఆ తర్వాత అంచు చూశాం. ఫోన్ టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేయండి, ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు. ఈ పతకం అంచు మీద ఒక్క అక్షరం లేదు. అమ్మాయి మొహం చిన్నబోయింది. కానీ అది దొంగ పతకమై కాదు. రెండో యుద్ధం పతకాల్లో చాలావాటిని పేరు కొట్టకుండానే ఇచ్చారు. ఆ పతకం ఎవరిదో పతకం చెప్పదు. ఇంట్లో ముసలమ్మ చెప్పాలి. డిశ్చార్జి కాగితం ఉంటే అది చెప్పాలి. ఆ ముసలమ్మకు మాట పడిపోయే లోపల వెళ్ళి అడగాలి. ఏ ఊళ్ళో చేర్చుకున్నారు, ఏ రైలెక్కించారు, డబ్బులు ఎలా పంపేవాడు, జబ్బేమైనా తెచ్చుకున్నాడా, అన్నీ. మేము అమ్మాయికి నోటుబుక్కు ఇచ్చి ఆదివారం ఇంటికి పంపాం. ఏడు పేజీలు రాసుకొచ్చింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, దాచకూడదు. పేరు లేని ఆ పతకానికి బజారులో పెద్ద ధర రాదు. లక్షలు అన్నవాడు అబద్ధం చెబుతున్నాడు.

మొదటి యుద్ధం పతకం అయితే కథ వేరు. బ్రిటిష్ వార్ మెడల్ అని ఉంది. ఒక పక్క కిరీటం లేని అయిదో జార్జి, రెండో పక్క గుర్రం మీద మనిషి, 1914, 1918. వెండివి 65 లక్షల దాకా ఇచ్చారు. 1979-80లో వెండి ధర ఒక్కసారి పెరిగినప్పుడు వాటిలో ఎన్నో కరిగిపోయాయి. అదే పతకాన్ని కంచుతో కూడా కొట్టారు. అవి సుమారు 1,10,000 మాత్రమే. ఎవరికి? తుపాకి పట్టినవాళ్ళకు వెండి, మూటలు మోసి రోడ్లు వేసిన లేబర్ కోర్ వాళ్ళకు కంచు. చైనావాళ్ళు, మాల్టావాళ్ళు, మన దేశంవాళ్ళు. 1917లో ఫ్రాన్సుకు వెళ్ళిన మన లేబర్ కోర్‌లో సంతాలులు, ఒరావులు, నాగాలు, ఖాసీలు, లుషాయిలు, ఇలా ఆదివాసీలు చాలామంది. తిరిగొచ్చిన నాగాలు కొందరు 1918లో కోహిమాలో నాగా క్లబ్ పెట్టడంలో ఉన్నారు. ఈ పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఉంటాయి. పాత సామాన్లవాడు వెండి కాదని పక్కన పడేసేది దీన్నే. తక్కువ చేసి ఇచ్చిన కంచే ఇవాళ అరుదైంది. మాకు ఇందులో నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

ఇంకొక రకం ఉంది, అది చేతికొస్తే కాస్త ఆలోచించండి. ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ రిబ్బను మీద చిన్న పట్టీలు ఉంటాయి, ఏ దాడికి ఇచ్చారో ఆ పేరుతో. ఒక పట్టీ మీద 'అబోర్ 1911-12' అని ఉంటుంది. అరుణాచల్‌లో ఆదీ జనం మీదికి పంపిన సైన్యానికి ఇచ్చింది. అబోర్ అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు, మాట విననివాళ్ళు అని అర్థం. వాళ్ళు తమను ఆదీ అనే పిలుచుకుంటారు. 1922-24 మన్యం పోరాటం అణచినందుకు అలాంటి పట్టీ కొట్టలేదు గానీ, కొట్టి ఉంటే దాని మీద మనల్ని ఏ పేరుతో రాసేవారో ఊహించుకోండి. పతకం చూసి ఎవరికిచ్చారు అని అడగడంతో ఆగకండి, ఎవరి మీద ఇచ్చారు అని కూడా అడగండి.

దొంగవాటి గురించి కొంచెం. అచ్చు పోసిన నకిలీలో అక్షరాల అంచులు మొద్దుగా ఉంటాయి, సూది గుచ్చినట్టు చిన్న రంధ్రాలుంటాయి, అసలుదానికన్నా ఒక పిసరు చిన్నగా ఉంటుంది. అంచు మీద ఆకురాయి గీతలు కనబడితే ఎవరో పాత పేరు చెరిపారని అనుమానించండి.

అమ్మలూ, పండక్కి ఇత్తడి తోమినట్టు చింతపండు, బూడిద పెట్టి పతకం తోమకండి. ఆ నలుపు, ఆ గోధుమ రంగు దాని వయసు. తోమితే అక్షరం అరుగుతుంది, కొనేవాడు ధర తగ్గిస్తాడు. పొడి నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. రిబ్బను చిరిగినా పారేయకండి. రెండు మూడు పతకాలు కలిసి ఉంటే విడదీయకండి, ఒక మనిషివి అన్నీ కలిసి ఉంటేనే విలువ. ఫోన్లో పరిచయమైన విదేశీయుడికి పోస్టులో పంపడం అసలే వద్దు. నూరేళ్ళు దాటిన పురావస్తువును ప్రైవేటు మనిషి దేశం దాటించడానికి 1972 చట్టం ఒప్పుకోదు. స్వాతంత్ర్యం తర్వాత మిలిటరీలో చేసినవాళ్ళ పతకాలైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, మర్యాదగానే చెబుతారు.

అమ్మాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే అమ్ముకోవచ్చు, మేము తప్పు పట్టం. అమ్మే ముందు రెండు పక్కలా, అంచు చుట్టూ ఫొటోలు తీసి, ముసలమ్మ మాటలు రాసి పెట్టుకుని అమ్మండి.

భోజనాలయ్యాక వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటాం. స్కేలు, అయస్కాంతం, భూతద్దం, చిన్న త్రాసు తెచ్చాం. సాయంత్రం ఆఖరి బస్సు దాకా ఉంటాం. ఇంట్లో ఏమైనా ఉంటే పట్టుకు రండి.