మొదట విన్న ధర

పెళ్లి చీరల కోసం దుకాణానికి వెళ్తాం. కూర్చోగానే కూల్‌డ్రింక్ వస్తుంది. ముందుగా బాగా ఖరీదైన పట్టుచీర పరుస్తారు. "కొనక్కర్లేదమ్మా, ఊరికే చూడండి" అంటారు. తర్వాత చూపించిన చీర, మనం అనుకున్నదానికి మించినదైనా, చవగ్గా అనిపిస్తుంది. ఎందుకని? మొదట విన్న ధర మనసులో పాతుకుపోతుంది. మిగతా ధరలన్నీ దానితోనే పోల్చుకుంటాం. మొదటి అంకె మన అంచనాలను ఇలా లాగేస్తుందని ట్వెర్స్కీ, కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లోనే చూపించారు.

మరి ఆ కూల్‌డ్రింక్? తాగాక ఉత్తచేతులతో లేవాలంటే మొహమాటం. అది మంచి మనసుకుండే గుణమే. అందుకే దాన్ని వాడుకోవడం నాకు బాధనిపిస్తుంది.

కాబట్టి అమ్మా, మీ ధర ఇంట్లోనే కాగితం మీద రాసుకోండి. దుకాణంలో కూర్చోగానే, చీర పరవకముందే, ఆ ధర మీరే ముందు చెప్పండి.