బుద్ధి వంశంలో లేదన్న మాట
(కొత్తచెరువులో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీవాళ్ళకు చదువు అబ్బదు, అది మీ వంశంలోనే లేదు" అన్న మాట మనలో చాలామంది విన్నదే. వినీ వినీ కొందరం నమ్మాం కూడా. అందుకే నేడు జన్యువుల గురించే మాట్లాడదలిచాం.

బుద్ధిలో జన్యువుల పాత్ర ఉంది, దానిని కాదనము. కానీ బుద్ధికంతటికీ ఒకే జన్యువంటూ లేదు. 2018లో సుమారు 11 లక్షల మందిని పరిశీలించి, చదివిన సంవత్సరాలతో ముడిపడిన 1,271 జన్యు తేడాలను శాస్త్రవేత్తలు గుర్తించారు. ఒక్కొక్కదాని ప్రభావం అత్యల్పం. జన్యు తేడాలన్నిటినీ కూడి లెక్కగట్టినా, మనిషికీ మనిషికీ చదువులో ఉన్న వ్యత్యాసంలో 11 నుంచి 13 శాతమే తేలింది. ఆ జనమంతా ఐరోపా సంతతివారు. ఆ లెక్కతో ఒక సమాజం పుట్టుకతోనే తక్కువదనడం శాస్త్రం కాదు.

మన వేరుశనగ రైతుకు ఈ సంగతి తెలుసు. వాన తప్పిన ఏడు పంట పోతే విత్తనాన్ని నిందించడు. రక్తహీనత, పస్తులు, మధ్యలో ఆగిన బడి కమ్మిన ఇంట బిడ్డ వెనుకబడితే వంశాన్ని ఎందుకు నిందించాలి?

అయితే మనలో మనం దాచుకోరాని నిజమొకటి ఉంది. దగ్గరి సంబంధాలు మన ప్రాంతంలో హిందువులలోనూ ఉన్నాయి, మనలోనూ ఉన్నాయి. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ బిడ్డలు పెళ్ళాడితే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. కానీ ఒకే లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. ఫినైల్‌కీటోన్యూరియా అటువంటి అరుదైన వ్యాధి. వదిలేస్తే బిడ్డ మెదడు దెబ్బతింటుంది. పుట్టిన కొద్ది రోజులలోనే గుర్తించి ఆహారం మార్చి, ఆ నియమం తప్పకుండా పాటిస్తే బిడ్డ అందరిలాగే చదువుకుంటుంది. జన్యువు మారలేదు, బ్రతుకు మారింది. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం దీనికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి రెండు వారాలలోనే మాత్ర మొదలుపెడితే బుద్ధి నిలుస్తుంది.

కనుక రెండు పనులు చేద్దాం. బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే పరీక్ష గురించి డాక్టరును అడుగుదాం. అది ప్రతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో ఉచితంగా ఉండాలని కోరుదాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఎదుగుదల పరీక్షలు ఉచితం. ఆ బృందం అంగన్‌వాడీకి, బడికి వచ్చిన రోజున మన పిల్లలను తప్పక చూపిద్దాం.

ఇకపై ఎవరైనా వంశం మాట ఎత్తితే తల దించుకోవద్దు. "మా బిడ్డకు పరీక్ష ఏది, పౌష్టికాహారం ఏది, పాఠం చెప్పే పంతులు ఎక్కడ?" అని అడుగుదాం.