వాపును దాచుకోవద్దు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మన బడి గంట కొట్టిన అటెండరు తాతను ఎవరం మరిచిపోలేదు. ఆయనకు బోదకాలు. ఆయన నడకను వెనకనుంచి అనుకరించి నవ్వినవాళ్లలో నేనూ ఒకణ్ని. ప్లాస్టిక్ సర్జన్‌నయ్యాక అలాంటి కాళ్లు చూసినప్పుడల్లా ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. అందుకే ఈరోజు ఈ మాటలు.

ఒంట్లో మిగిలిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చేవి లింఫ్ నాళాలు. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగు వాటిని పాడుచేస్తే కాలు వాస్తుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేస్తే కొందరికి చెయ్యి వాస్తుంది. మన వయసులో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

మైక్రోసర్జరీ అంటే, పొలంలో నిలిచిన నీటికి పక్క కాలువలోకి దారి తీయడం లాంటిది. మిల్లీమీటరు కూడా లేని లింఫ్ నాళాన్ని మైక్రోస్కోపు కింద పక్కనున్న చిన్న సిరకు కుడతాం.

"ఎన్నాళ్లు నిలుస్తుంది డాక్టరుగారూ?" అని అందరూ అడుగుతారు. ఆస్ట్రేలియాలో ఓబ్రయన్ బృందం 1990లో చెప్పిన లెక్క ఇది: ఈ ఆపరేషన్ ఒక్కటే చేయించుకున్నవారిలో 73 శాతం మంది సుఖంగా ఉందన్నారు. కొలిచి చూస్తే మాత్రం బాగా తగ్గింది 42 శాతం మందికే. ఇటలీలోని జెనోవాలో కాంపీసీ బృందం 1800 మందికి పైగా చికిత్స చేసి, 83 శాతం మందికి వాపు తగ్గిందని 2010లో రాసింది. చర్మం ఎర్రబడి చలిజ్వరం తెచ్చే ఇన్ఫెక్షన్లు 87 శాతం తగ్గాయి. వారు రోగులను సగటున పదేళ్లకు పైగా గమనించారు.

రెండుచోట్లా రోగులు వేరు, పద్ధతులు వేరు. కాబట్టి అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు. ఒక్కటి మాత్రం నిజం: నాళాలు ఇంకా పనిచేస్తుండగా వచ్చినవారికే ఎక్కువ మేలు. చర్మం గట్టిపడి, లోపల కొవ్వు పేరుకున్నాక కాలువ తవ్వినా పారడానికి నీరుండదు. ఆపరేషన్ అయ్యాక కూడా రోజూ కాలు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవాలి. డాక్టరు చెప్పినన్నాళ్లు బిగుతు మేజోడు వేసుకోవాలి.

రాత్రి పడుకుంటే తగ్గి, సాయంత్రానికి మళ్లీ వచ్చే వాపు ఉంటే అప్పుడే చూపించుకోండి.

తాత తన కాలు కనబడకుండా పంచె పాదాల దాకా దించి కట్టేవాడు. దాచుకునేలా చేసింది మన నవ్వే. మీరెవరూ అలా దాచుకోకండి. మీ పిల్లలను ఎవరినీ చూసి అలా నవ్వనివ్వకండి.

సెలవు.