యుగశబ్దము – దాని పుట్టుపూర్వోత్తరములు

(గ్రంథాలయ రజతోత్సవసభలో గావించిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు అక్షరభిక్ష పెట్టుచున్న గ్రంథాలయమున నాలుగు మాటలు చెప్పుమని నన్ను ఆదేశించితిరి. నాలుగేల? ఒక్క మాటను గూర్చియే చెప్పుదును.

ఎద్దుల మెడపై వేయు కాడిని సంస్కృతమున యుగమందురు. లాటినులో అది యుగుమ్, గ్రీకులో జుగోన్, ఇంగ్లీషులో యోక్. ఇంత దూరదేశములవారికి ఒకే మాట ఎట్లబ్బెను? 1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలో ప్రసంగించుచు, ఈ భాషలన్నియు ఇప్పుడు బహుశా లేని యొక మూలభాషనుండి పుట్టినవై యుండునని సూచించెను. ఆ భాషకు గ్రంథము లేదు, శాసనము లేదు. బిడ్డల పోలికలనుబట్టి తల్లిరూపమును గుర్తించినట్లు, పండితులు దాని పదములను పునర్నిర్మించిరి.

ఇది ఇచ్చవచ్చిన ఊహ కాదు. యుగశబ్దములోని గకారమునకు ఇంగ్లీషులో కకారమున్నది. ఈ యొక్క మాటలోనే యైనచో యాదృచ్ఛికమందుము. కాని మోకాలు లాటినులో గెను, ఇంగ్లీషులో ‘నీ’. ఈ ‘నీ’కి మొదట నేటికిని కకారము వ్రాయుదురు, పూర్వము పలికెడివారు కూడ. ఇట్టి మార్పుల క్రమమును 1822లో యాకోబ్ గ్రిమ్ము వివరించెను. ఇట్లు ‘యుగోమ్’ అను మూలరూపమును నిర్ణయించి, అది వ్రాతలో దొరకినది కాదని తెలుపుటకు ముందొక నక్షత్రపుగుర్తు నుంచిరి. 1915లో హ్రోజ్నీ పండితుడు హిట్టైటు భాషయు ఈ కుటుంబములోనిదేయని ప్రకటించెను. మూడువేల యేండ్లు దాటిన ఆ మట్టిపలకల భాషలో కాడికి ‘యుగన్’ అను మాట కనబడినది!

ఈ శబ్దమునకు మూలమైన ధాతువునకు కలుపుట యని యర్థము. యోగము, వియోగము, ఉద్యోగము ఆ ధాతువునకు పుట్టినవే. కాడి విడిచి ఉద్యోగమునకై పట్టణమేగిన యువకుడు, కాడికి తోబుట్టువైన మాటనే వెంట గొనిపోవుచున్నాడు.

మన ఆదిలాబాదు ప్రాంతము రెండు భాషాకుటుంబముల పొలిమేర. మరాఠీ రైతు కాడిని ‘జూ’ అనును, అది యుగశబ్దభవమే. మన ‘కాడి’ వేరు. తెలుగు, గోండీ, కొలామీ ద్రావిడకుటుంబములోనివి. ఇందును అట్టి క్రమమే కలదు. మన చేయి గోండీలో కై. మన చెవి గోండీలో కెవి. మన చకారమున్న చోట వారి కకారము. ఇందు ప్రాచీనమైనది కకారమే! వారి నోట మనము పోగొట్టుకొన్న ధ్వని నిలిచియున్నది. 1950లో సేతుమాధవరావుగారి కొలామీ వ్యాకరణము, 1955లో ఎమెనో పండితుని గ్రంథము వెలువడినవి. 1961లో బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తినిఘంటువున ఆ మాటలకు స్థానము లభించినది.

హిట్టైటు మాటను మట్టిపలక కాపాడెను. మన మాటలను కాపాడువారెవరు? ట్రాక్టరు వచ్చినది, మేడి, నొగ, పలుపు అను మాటలు పిల్లలకు తెలియవు. కొలాము వృద్ధురాలితో పోయిన మాటను ఏ పండితుడును సాక్ష్యము లేక పునర్నిర్మింపజాలడు. కావున ఈ గ్రంథాలయమున ఒక దళసరి నోటుపుస్తకము నుంచుడు. పెద్దల నోటి మాటలను, తెలుగు గోండీ కొలామీ యను భేదము లేక, విద్యార్థులచే వ్రాయింపుడు. చదువుటకే కాక, వ్రాసి దాచుటకును గ్రంథాలయమే తగిన చోటని మనవి చేసి, సెలవు తీసికొనుచున్నాను.