గ్రంథాలయసేవకునకు రాజకీయమేల?
(పెద్దమందడిలో చేసిన యుపన్యాసము)



బీరువా తాళపుచెవి దాచుకొనువానికి రాజకీయములతో నేమి పని యని మిత్రులొకరు నన్నడిగిరి. దీనికి నిజాము ప్రభుత్వమే యెన్నడో బదులు చెప్పినది. అనుమతి లేనిదే సభ జరుపరాదని గస్తీ 53 శాసించిన కాలమున, గ్రంథాలయ వార్షికోత్సవమునకు సైతము అధికారుల యెదుట చేతులు కట్టుకొని నిలువవలసివచ్చెను. పుస్తకమునకు వెఱవని ప్రభుత్వమునకు అంతటి జాగ్రత్త యేల?

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావుగారును, మునగాల రాజాగారును దానికి అండగా నిలిచిరి. దర్బారులో తెలుగునకు చోటులేని రాజధానిలో గుమ్మముపై ఆంధ్రభాష పేరు వ్రాయుట సామాన్య సాహసము కాదు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయము దాని ననుసరించెను. 1914లో బెజవాడలో అయ్యంకి వేంకటరమణయ్యగారు గ్రంథాలయ ప్రతినిధులను సమావేశపఱచిరి. పత్రికలో వ్రాసిన వ్రాతకై 1908లో చెఱసాల కేగిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, తరువాత చాలకాలము ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షులుగా నుండిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలో పడవపై పుస్తకములు పంపిరి. మన మెట్టసీమలో పడవ యెక్కడిది? 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు పుస్తకముల మూటతో ఊరూర దిరిగిరి. జైలు నివాసము వారికిని తప్పలేదు.

మన ప్రాంతపు వారిని గూర్చి కొంత విస్తరించి చెప్పుదును. సురవరము ప్రతాపరెడ్డిగారి స్వగ్రామము ఇటిక్యాలపాడు, నేటి గద్వాల జిల్లాలోనిది. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైనవారు. న్యాయవాదవిద్య నభ్యసించినవారే గనుక నేను కొంత గర్వముతో చెప్పుచున్నాను, మన్నింపుడు. తెలంగాణమున కవులే లేరని యొకరు వ్రాయగా, ఆయన తిట్టునకు తిట్టు వ్రాయలేదు. మూలమూలల నుండి పద్యములను, కవుల వివరములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక ప్రకటించిరి. అందు 354 గురు కవులు! సాక్ష్యమును పోగుచేసి కోర్టు ముందుంచినట్లున్నది. పత్రభాండాగారికుని పని యింతకంటె వేఱు కాదు.

ఆ పని విలువ రైతునకు బాగుగా దెలియును. 1954–55 నాటి ఖాస్రా పహాణీలో నొక పుట చినిగినచో మనుమని హక్కు చినిగినట్లే. నా కక్షిదారు డొకడు అట్టి పుట నకలునకై మూడేండ్లు ఒక కార్యాలయము చుట్టు దిరిగెను. అచ్చటి చిన్న యుద్యోగి యొకడు, తన పని కాకున్నను, రెండు ఆదివారములు దుమ్ములో వెదకి దానిని పైకి దీసెను. పేరు చెప్పవలదని నన్ను కోరెను. తార్నాకలోని రాష్ట్ర పత్రభాండాగారమున పారసీకము, ఉర్దూలలో లక్షల పత్రములున్నవి. వానిని చదువగల వారిని తయారుచేయకున్నచో తాళము వేసియుంచినను తీసియుంచినను ఒకటే.

ఇక డబ్బు మాట. 1960 నాటి గ్రంథాలయ శాసనము క్రింద మన యాస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయపు సుంకము. వేయి రూపాయలు కట్టినవాడు పుస్తకములకై 80 రూపాయలు కట్టుచున్నాడు. వసూలుచేయు స్థానికసంస్థ దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలెను. నే నెఱిగిన యొక పట్టణములో ఏండ్ల తరబడి వసూలైనది, చెల్లలేదు. ఆ సొమ్ము వీధిదీపములకు పోయినదట! దీపము వెలుగుచున్నది, దాని క్రింద చదువుటకు పుస్తకము లేదు. ఈ లెక్క యడుగుటయే నేటి గ్రంథాలయసేవకుని రాజకీయము. అడిగిన యుద్యోగికి బదిలీభయము గలదు. కాన పాఠకులమైన మనము ముందు నిలువవలెను. 2005 నాటి సమాచారహక్కు శాసనము మనకు తోడున్నది.

మన పంచాయతీకి, జిల్లా సంస్థకు వ్రాసిన దరఖాస్తులు ఈ బల్లపై నున్నవి. గడచిన అయిదేండ్లలో వసూలైన దెంత, చెల్లించిన దెంత అని రెండే ప్రశ్నలు. నేను సంతకము చేసితిని. కలము అక్కడనే యుంచితిని.