చిన్న గాయమా, పెద్ద గాయమా?

కత్తిగాటు ఎంత చిన్నదైతే చికిత్స అంత మేలైనదని మనం అనుకోవడం సహజం. మూత్రాశయపు కాన్సరు విషయంలో ఈ నమ్మకం ఎంతవరకు నిజమో ఈ పూట విచారిద్దాం.

ఈ రోగం మూత్రాశయపు లోపొరలో మొదలవుతుంది. అక్కడికే పరిమితమై ఉన్నంతకాలం మూత్రమార్గం గుండా పరికరాన్ని పంపి, పొట్ట కోయకుండానే దానిని తొలగించవచ్చు. కండరంలోకి పాకినదా, చాలమందిలో మూత్రాశయాన్నే తీసివేయవలసి వస్తుంది. పిమ్మట చిన్నప్రేగులో ఒక ముక్కను వేరుచేసి మూత్రానికి కొత్త దారి ఏర్పరుస్తారు. ఆ ముక్క చివరను పొట్టమీద తెరచి, మూత్రం సంచిలో చేరేటట్లు చేసే పద్ధతిని 1950లో అమెరికా శస్త్రవైద్యుడు యూజీన్ బ్రికర్ వివరించినాడు. అది నేటికీ విరివిగా వాడుకలో ఉన్నది.

ఇంత పనికి పూర్వం ఒక్కటే మార్గం. పొట్టను నిలువునా కోసి తెరవడం. ఇప్పుడు కొన్ని చిన్న రంధ్రాలు చేసి, వాటిగుండా కెమెరాను, సన్నని పనిముట్లను పంపి రోబో సాయంతో చేసే పద్ధతి వచ్చినది. రోబో అనగానే యంత్రం తనంతట తానే కోస్తుందని భ్రమపడరాదు. వైద్యుడే ఒక పక్కన కూర్చొని, పెద్దదిగా కనిపించే దృశ్యాన్ని చూస్తూ, తన చేతులతో ఆ పనిముట్లను నడుపుతాడు.

గాయం చిన్నదైనది, సంతోషమే. కాని రోగం తిరుగబెట్టదు గదా? ఈ సందేహం ఊరకే పుట్టినది కాదు. గర్భాశయ ముఖద్వారపు కాన్సరులో చిన్న రంధ్రాల పద్ధతివల్ల రోగం తిరుగబెట్టడం ఎక్కువైనదని 2018లో వెలువడిన ఒక పరిశోధన తేల్చినది.

మూత్రాశయం విషయంలో కూడ అదే సంవత్సరం ఒక జవాబు లభించినది. అమెరికాలో 15 వైద్యకేంద్రాలలో 350 మంది రోగులను, చీట్లు తీసినట్లుగా, రెండు వర్గాలు చేసినారు. వారిలో 302 మంది ఫలితాలను లెక్కించినారు. రెండేళ్లకు రోగం ముదరకుండా జీవించి ఉన్నవారు రోబో వర్గంలో నూటికి 72.3, పొట్ట తెరచిన వర్గంలో 71.6. అనగా ఇంచుమించు సమానం. రోబో పద్ధతిలో రక్తనష్టం తగ్గినది. శస్త్రచికిత్సకు పట్టే కాలం పెరిగినది.

2022లో బ్రిటనులో 9 ఆసుపత్రుల నుంచి మరొక ఫలితం వచ్చినది. 338 మంది పాల్గొన్న ఆ పరిశోధనలో, మొదటి 90 రోజులలో ఆసుపత్రి వెలుపల గడిపినవి, సగటు రోగిని తీసుకుంటే, రోబో వర్గానికి 82 రోజులు, రెండవ వర్గానికి 80. తేడా రెండు రోజులే. అయితే గాయానికి సంబంధించిన చిక్కులు నూటికి 16 నుంచి 6 లోపుకు దిగినవి. రక్తం గడ్డకట్టి నాళాలకు అడ్డుపడటం కూడ బాగా తగ్గినది.

దీని సారాంశమేమి? కొత్త పద్ధతిలో కోలుకోవడం కొంత సుళువు. రోగాన్ని అదుపుచేయడంలో మాత్రం రెండూ ఒకటే. కనుక ఆ యంత్రం అందుబాటులో లేని కుటుంబం, దాని ఖర్చు భరించలేని కుటుంబం, తమవారికి అన్యాయం జరిగినదని కుమిలిపోనక్కరలేదు. ఇల్లు తాకట్టు పెట్టి రోబోను వెదకనూ అక్కరలేదు. యంత్రం ఉన్నదా అని అడిగేముందు, "అయ్యా, ఈ శస్త్రచికిత్స మీరు ఏటా ఎందరికి చేస్తున్నారు? దీనికి ముందు మందులతో చికిత్స అవసరమా?" అని వైద్యుని అడగండి. చేయి తిరిగిన వైద్యుడు ఏ మార్గాన చేసినా ధైర్యంగా ఒప్పుకోవచ్చు.

అంతకంటె ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనిపించి, దానంతట అదే ఆగిపోవడం ఈ రోగానికి తరచు తొలి సూచన. "వేడి చేసినది, మజ్జిగ తాగితే పోతుంది" అని సరిపెట్టుకోకండి. ఒక్కమారు కనిపించినా పరీక్ష చేయించుకోండి. చుట్టా, బీడీ, సిగరెట్టూ ఈ రోగానికి ముఖ్యకారణాలు, వాటిని మానండి. లోపొరలో ఉండగానే పట్టుబడిన రోగానికి, పెద్ద గాయమా చిన్న గాయమా అన్న ప్రశ్న చాలమంది విషయంలో రానే రాదు.