పొరుగున నున్న ఆఫ్రికా

ఆఫ్రికా యువజనులను గూర్చి ప్రసంగింపుమని నన్ను కోరినప్పుడు నాకు కొంత సంకోచము కలిగినది. నేనా ఖండమును కన్నులార చూచినవాడను గాను. నాచారము పారిశ్రామికవాడలో ఒక చిన్న కర్మాగారమున ముప్పది సంవత్సరములు లెక్కలు వ్రాసి, పని విరమించి, ఆ సమీపముననే కాపురముండు వాడను. అయినను ఆలోచించి చూడగా, నేను ఆఫ్రికాకు పోకున్నను ఆఫ్రికాయే మా వాకిటికి వచ్చినదను మాట స్ఫురించినది. కాబట్టి మా వీథినుండి కనబడినంత మట్టుకు మీతో మనవి చేయుచున్నాను.

హైదరాబాదునకు తూర్పున తార్నాక, హబ్సిగూడ, నాచారము, ఉప్పల్ ఒకదానినొకటి యంటియున్నవి. ఒక ప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయము. ఉప్పల్ పోవు త్రోవలో 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. ఉప్పల్‌లో భారత సర్వేక్షణ శాఖవారి శిక్షణాలయము. భూమిని కొలుచుట, పటములు గీయుట నేర్పు ఆ శిక్షణాలయమున మన ఉద్యోగులే గాక ఆసియా, ఆఫ్రికా దేశములవారును చదివిరి. ఉస్మానియాకు భారత ప్రభుత్వపు విద్యార్థివేతనములతో కొందరును, సొంత వ్యయముతో కొందరును ఆఫ్రికానుండి వచ్చి, మా పేటలలో గదులు తీసికొని యుందురు. 2017 నవంబరులో నాగోలునుండి మెట్రో రైలు నడువ నారంభించిన పిమ్మట, సాయంకాలవేళ ఉప్పల్ స్టేషను మెట్లపై స్వాహిలీయు, అరబ్బీయు మన తెలుగుతో కలిసి చెవిని బడుట మాకు వింత గాదు.

వింత గాకున్నను, మనసునకు దగ్గర యగుట వేరు. ఇచట నా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసి యున్నది. 2019లో మా మేడమీది గది ఖాళీ యైనది. కెన్యా దేశపు పడుచొకతె, ఉస్మానియాలో వాణిజ్యశాస్త్రము చదువుచున్నది, గదికొరకు వచ్చి యడిగెను. నేను తడువుకొనక, "గది నిన్ననే ఇచ్చివేసితిమి" అంటిని. అది అబద్ధము. ఆ పిల్ల గేటునకు వ్రేలాడుచున్న 'గది అద్దెకు' అను అట్ట నొకసారి చూచి, నన్నొకసారి చూచి, నమస్కరించి వెడలిపోయెను.

నా భార్య చీటీపాట ముగించుకొని యింటికి వచ్చి ఈ సంగతి విని, "ఏమండీ, ఇల్లు ఎవరి పేర ఉన్నది?" అని మాత్రమే అడిగెను. ఇల్లు ఆమె పేరనే యున్నది. ఆమె తండ్రి యిచ్చిన సొమ్ముతో కొన్న స్థలమది. యువజన సభలలో స్త్రీపురుష సమానత్వమును గూర్చి పలుమారులు ఉపన్యసించిన నేను, ఇంటి యజమానురాలి నడుగకయే ఇంటిమాట చెప్పివేసితిని. ఆమె చెప్పులు తొడుగుకొని సందు చివరివరకు పోయి, ఆ పిల్లను వెంటబెట్టుకొని వచ్చి, తాళపుచెవి చేతబెట్టెను.

నాయకత్వము, స్త్రీపురుష సమానత్వము, స్వయముగా వ్యాపారము స్థాపించుట అని యువజనులకు మనము మూడు పాఠములు వేరువేరుగా చెప్పుచుందుము. ఆనాటినుండి నాకు ఆ మూడును ఒకే పాఠమని తోచుచున్నది. నమ్మి యొప్పగించుటయే ఆ పాఠము. పదవి నొప్పగించిన నాయకత్వ మగును. ఇంటను బయటను సమానముగా నొప్పగించిన సమానత్వ మగును. సొమ్ము నొప్పగించిన వ్యాపార మగును. ఒప్పగింపక బోధించుట యీత రానివానిని గట్టున నిలిపి యీదుట నేర్పుటవంటిది.

ఆఫ్రికాయందు ఈ ప్రశ్న యెంత పెద్దదో చూడుడు. ఖండములన్నింటిలో మిక్కిలి పడుచుది యదియే. అచటి జనులలో సగముమంది యించుమించు 19 సంవత్సరముల లోపువారు. వారి విషయమై నాయకులు వ్రాతలు వ్రాయకపోలేదు. స్త్రీల హక్కులకై 2003లో మపూతో నగరమునను, యువజనులకై 2006లో బంజూల్ నగరమునను ఆఫ్రికా సమాఖ్యవారు ఒడంబడికలు చేసికొనిరి. రువాండాలో 2008 ఎన్నికల తర్వాత దిగువసభయందు స్త్రీలే సగమునకు మించిరి; ప్రపంచమున అట్టి సభ యదియే మొదటిది. కెన్యా దేశపు 2010 రాజ్యాంగము, ఎన్నికైన యే సభయందును ఒకే లింగమువారు మూడింట రెండువంతులకు మించరాదని శాసించినది. కాని 2022 ఎన్నికల తర్వాతను అచటి జాతీయసభలో ఆ నియమము నెరవేరలేదు. ఒడంబడికకును ఒప్పగింతకును నడుమ నున్న దూర మట్టిది.

మనకిది క్రొత్త గాదు. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణము గ్రామపంచాయతీలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు కేటాయించినది. సర్పంచి కుర్చీలో భార్య పేరును, కుర్చీప్రక్కన భర్త పెత్తనమును మనము చూడలేదా? చూచితిమి. అయినను ఆ కుర్చీ మొదట దొరకినందుననే, కొందరు స్త్రీలు రెండవయేట తమ సంతకము తామే చదివి చేయ నేర్చిరి.

మా మేడమీది పిల్ల కథకు మరలి వచ్చెదను. ఆమె తల్లి తమ యూరి సంతలో బట్టల దుకాణము నడుపుచుండెనట. ఆ సంతలోని స్త్రీలు నెలనెల కొంత సొమ్ము ప్రోగుచేసి, వంతువంతున నొకరి కిత్తురట. దానికి వారి భాషలో 'చామా' యని పేరు. ఇది విని నా భార్య నవ్వి, "ఇది మన చీటీయే గదమ్మా!" అనెను. సముద్రమున కావల నొకరు, ఈవల నొకరు, బ్యాంకు గుమ్మము తమకు ఎత్తుగా నున్నదని తెలిసికొని, తమకు తామే బ్యాంకు కట్టుకొనిరి. కెన్యాలో 2007లో ఎమ్‌పెసా వచ్చి, చేతిలోని టెలిఫోను ద్వారా సొమ్ము పంపుట సాధ్యమైన పిమ్మట, ఆ చామాల వంతులును టెలిఫోనులోనే చెల్లించుకొనుట సులభమైనదని ఆ పిల్ల చెప్పెను.

2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. విమానములు లేవు, ఆమె తల్లి యొద్దకు పోజాలకపోయెను. మా వీథిలోని చీటీవారు నలుగురు కలిసి రెండు కుట్టుయంత్రములపై ముఖమునకు కట్టుకొను మాస్కులు కుట్టి, మందుల దుకాణములకు వేయసాగిరి. లెక్క వ్రాయుట నా వంతే యనుకొంటిని. నా భార్య ఆ పుస్తకమును ఆ పిల్లచేతి కిచ్చెను.

మొదటివిడత నష్టము వచ్చినది. చౌక యని ఆమె కొన్న గుడ్డ పలుచనిదై, దుకాణదారు సగము సరుకు త్రిప్పి పంపెను. పుస్తకము నావద్దకు వచ్చునని యెదురుచూచితిని, రాలేదు. ఆ పిల్ల అందరిని కూర్చుండబెట్టి, తప్పు తనదని చెప్పి, ఎంత పోయినదో యంకెలతో చూపెను. తర్వాత ఆమె చేసిన దొకటి నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. గుడ్డ ఖర్చునకును, నూలు ఖర్చునకును ప్రక్కన మరియొక గడి గీసి, అందులో కుట్టినవారి కూలి వ్రాసెను. "మాది యింటిపనేకదా, మాకు కూలియేమిటి?" అని వారు నవ్విరి. "మీ కూలి తీసివేసిన తర్వాత మిగిలినదే లాభము; తీయకముందు ఉన్నది లాభము గాదు, మీ చెమట" అని ఆమె వచ్చీరాని తెలుగులో బోధించెను. ముప్పది సంవత్సరములు లెక్కలు వ్రాసిన నేను, మా యింట అప్పడములు వత్తి అమ్మిన దినములలో, ఆ గడి నెన్నడును గీయలేదు.

చొరవ పుట్టుకతో రావలసినదనియు, నేర్పిన రాదనియు కొందరందురు. 1964లో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణసంస్థ, మెక్లెలండ్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞునితో కలిసి, కాకినాడ వర్తకులకు శిక్షణ యిచ్చి పరీక్షించినది. శిక్షణ పొందినవారు, పొందనివారికంటె అధికముగా క్రొత్త పనులకు పూనుకొనిరని తేలినది. యూసఫ్‌గూడలోని ఆ సంస్థయే తర్వాత ఆఫ్రికా దేశములవారికిని శిక్షణ యిచ్చినది. నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి మీకు తెలిసినదే. అక్షరదీపము వెలుగులో వాచకము చదివిన స్త్రీలు సారాదుకాణమును మూయించిరి; 1993లో రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది; మిగిలిన రూపాయలతో పొదుపుసంఘములు వెలసినవి. అక్షరము చేతికి వచ్చిన పిదప కాసును, కాసు చేతికి వచ్చిన పిదప మాటయు వచ్చినవి.

2021లో ఆ పిల్ల స్వదేశమునకు పోయెను. పాఠశాల పిల్లలకు దుస్తులు కుట్టించు పని పెట్టదలచి బ్యాంకున కేగగా, తాకట్టునకు భూమి పట్టా అడిగిరట. భూమి అన్నదమ్ముల పేర నున్నది. తుదకు తల్లి చామాయే మొదటి పెట్టుబడి యిచ్చినది. ఆ దేశపు ప్రభుత్వము తన కొనుగోళ్లలో నూటికి 30 పాళ్లు యువజనులు, స్త్రీలు, వికలాంగులు నడుపు సంస్థలకు కేటాయించినది గదా యని ఆమె దరఖాస్తు పెట్టి, ఒక చిన్న ఆర్డరు సంపాదించెను. సరుకు చేర్చి ఐదు నెలలైనను సొమ్ము రాలేదని మాకు వ్రాసెను.

ఆ యుత్తరము చదివి నాకు నాచారము జ్ఞప్తికి వచ్చినది. నేను పనిచేసిన చోటను, ఆర్డరు దొరకినదని మిఠాయి పంచిన నెలలోనే, బిల్లు చెల్లనందున కూలివారికి జీతములు తడసిన దినములు గలవు. ఆర్డరు దొరకుట సగము పని. సొమ్ము చేతబడుట తక్కిన సగము. మనదేశమున 2006 చట్టము చిన్న పరిశ్రమలకు 45 దినములలోపల సొమ్ము చెల్లింపవలెనని శాసించినది. మూలధనము గలవాడు ఆలస్యమునకు తాళును. అప్పు తెచ్చిన పడుచుపిల్ల తాళజాలదు. కావున బిల్లు వేళకు చెల్లించు గుమాస్తా, యువజనులకు నాయకత్వమును గూర్చి యుపన్యసించు పెద్దకంటె ఎక్కువ మేలు చేసినవాడు. ఈ మాట ఉపన్యాసకుడనైన నేనే చెప్పుచున్నాను.

ఆ సొమ్ము ఎనిమిదవ నెలలో వచ్చినదట. అంతవరకు ఆమెను నిలిపినది చామాయే. ఇప్పుడామె క్రింద నలుగురు కుట్టుచున్నారు. లెక్కపుస్తకములో కూలిగడి అట్లే యున్నదని వ్రాసినది.

కావున శ్రోతలారా, ఆఫ్రికా యువజనులకు మనమేమి చేయగలమని దూరమునకు చూడ నక్కరలేదు. మీ పేటలో చదువుకొనవచ్చిన ఆ పిల్లలకు గది అద్దె కిచ్చునప్పుడు వారి మేనిరంగును గాక మాటతీరును చూడుడు. మీ యింటి ఆడపిల్లకు పొలములో వంతు వ్రాయునప్పుడు సిగ్గుపడకుడు. చిన్నవారి సరుకు పుచ్చుకొన్నచో సొమ్ము వేళకు చెల్లింపుడు. వారు మొదటిసారి నష్టము తెచ్చినప్పుడు పుస్తకము లాగికొనకుడు. ఇవి చిన్న పనులే. కాని వీనిలో నొక్కటి తప్పినను, ఎంత గొప్ప ఒడంబడికయు కాగితముపైననే నిలిచిపోవును.

మా మేడమీది గదిలో ఇప్పుడు మరి యొకరు కాపుర మున్నారు. గది యెవరి కీయవలెనో నా భార్యయే నిర్ణయించుచున్నది. నేను అద్దె లెక్క మాత్రము వ్రాయుచున్నాను.